"తాతయ్య జబ్బు నాకూ వస్తుందా మావయ్యా?"

పోయిన నెల ఒక ఆదివారం. మ్యాట్నీకి బయల్దేరుతూ చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతున్నాను. ఫోన్ మోగింది. మా చెల్లెలి కూతురు. ఇరవై నాలుగేళ్ళది. హైదరాబాద్‌లో ఉద్యోగం. వారానికి రెండు సినిమాలు చూడకపోతే దానికి అన్నం సయించదు. ఎప్పుడు ఫోన్ చేసినా "మావయ్యా, ఆ పిక్చర్ చూశావా?" అనే మొదలు పెడుతుంది.

ఆ రోజు అలా మొదలు పెట్టలేదు.

"మావయ్యా! తాతయ్య జబ్బు నాకూ వస్తుందా?" అంది.

మ్యాట్నీ మానేశాను.

సంగతేమిటంటే, పిల్లకి సంబంధం వచ్చింది. అబ్బాయి బుద్ధిమంతుడు. పిల్లకి నచ్చాడు. మా చెల్లెలు మాత్రం ముందే హెచ్చరించిందట – "తాతయ్య సంగతి వాళ్ళ దగ్గర ఎత్తకు" అని. అక్కడ పుట్టింది దీనికి అనుమానం. 'దాచాల్సినంత జబ్బయితే నాకూ ఉండి ఉంటుందా?' అని. పైగా ఎక్కడో ప్రకటన చూసింది. చిన్న గొట్టంలో ఉమ్మి వేసి పంపిస్తే మన జన్యువులు చదివి ఏయే జబ్బులు వస్తాయో చెబుతారట! "చేయించుకోనా?" అంటుంది.

"రెండు వారాలు ఆగు. నేను చదివి చెబుతాను" అన్నాను. సినిమా వార్తలు రాసుకునేవాడికి జన్యువుల గొడవ ఎందుకని మీరడగొచ్చు. కాని ఇది మా ఇంటి గొడవ. మీలో చాలామంది ఇళ్ళలో కూడా ఉండే గొడవే. అందుకే ఆ పిల్లకి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

ప్రొజెక్టర్ గదిలో మా నాన్న

మా నాన్న గుడివాడలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్. కార్బన్ కడ్డీల వెలుగుతో బొమ్మ పడే రోజులవి. రెండు ప్రొజెక్టర్లు. ఒక దాంట్లో రీలు అయిపోతుండగా రెండోది అందుకోవాలి. మా నాన్న రీలు మారిస్తే హాల్లో ఒక్క ఈల పడేది కాదు. ఏ డైలాగ్ దగ్గర మార్చాడో ఎవరికీ తెలిసేది కాదు.

అలాంటి మనిషి ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి మంచం ఎక్కేవాడు. జ్వరం లేదు, దగ్గు లేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చునేవాడు. అన్నం ముందు పెట్టుకుని అలాగే చూస్తుండేవాడు. 1981లో నాకు పన్నెండేళ్ళు. హాల్లో కొత్త సినిమా రిలీజు. ఊరంతా టిక్కెట్ల కోసం తన్నుకుంటోంది. "నాన్నా, రా, మొదటి ఆట నువ్వే ఆడించాలి" అన్నాను. "నా చేత కాదురా. నా వల్ల ఎవరికీ ఉపయోగం లేదు" అన్నాడు. ఆ గొంతు నాకింకా వినబడుతూనే ఉంటుంది.

ఊళ్ళోవాళ్ళు తలో మాటా అన్నారు. గాలి సోకిందన్నారు. బద్ధకం అన్నారు. మా నాయనమ్మ కూడా ఇలాగే పడుకునేదనీ, ఆ ఇంటి రక్తమే అంతనీ అన్నారు. ఈ చివరి మాటే మా కొంప ముంచింది. 1993లో మా చెల్లెలికి కుదిరిన సంబంధం, తాంబూలాలు పుచ్చుకోవడానికి నాలుగు రోజుల ముందు చెడిపోయింది. "ఆ ఇంట్లో పిచ్చి ఉందట" అని మధ్యవర్తి చేత కబురు పంపారు. మా నాన్న విన్నాడు. ఏమీ అనలేదు. మళ్ళీ మంచం ఎక్కాడు.

ఆ మరుసటి ఏడు విజయవాడలో ఒక డాక్టరు గారు చూసి, "దీన్ని డిప్రెషన్ అంటారు. మందులున్నాయి" అన్నారు. మూడు నెలలకి మా నాన్న మళ్ళీ ప్రొజెక్టర్ గది మెట్లెక్కాడు. 2009లో పోయేదాకా ఆ డాక్టరు గార్ని తలుచుకుంటూనే ఉన్నాడు.

ఇక రెండో అంకం నాది. 2003లో, నా ముప్ఫై నాలుగో ఏట, అదే చీకటి నా మీద పడింది. నిద్ర లేదు, ఆకలి లేదు. సినిమా చూస్తే బొమ్మ కనబడుతోంది గాని మనసుకి ఏమీ అంటడం లేదు. సరిగ్గా ఆ ఏడే పేపర్లో ఒక వార్త చదివాను. డిప్రెషన్‌కి కారణమైన జన్యువు జాడ దొరికిందట! "అయితే ఊళ్ళోవాళ్ళు అన్నది నిజమే. మాది చెడ్డ రక్తమే" అనుకున్నాను. మందులు వేసుకుని నేనూ లేచాను గాని, ఆ మాట మాత్రం ముల్లులా గుచ్చుకునే ఉంది. మొన్న మేనకోడలి ఫోన్ దాన్ని కదిపింది.

హెమింగ్వే గారి మనవరాళ్ళు

ఈ భయం మా ఒక్కరిదే కాదు. హాలీవుడ్‌లో మేరియల్ హెమింగ్వే అని ఒక నటి ఉంది. 'మన్‌హట్టన్' (1979) సినిమాతో చిన్న వయసులోనే ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళిన మనిషి. ప్రసిద్ధ రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే ఆవిడకి తాతగారు. నోబెల్ బహుమతి పొందిన ఆ తాతగారు 1961లో ఆత్మహత్య చేసుకున్నారు. అప్పటికి మేరియల్ ఇంకా పుట్టలేదు. ఆ తాతగారి తండ్రి 1928లో అదే దారిన వెళ్ళారు. మేరియల్ అక్క మార్గో ఎంత అందగత్తె! అక్కాచెల్లెళ్ళిద్దరూ 'లిప్‌స్టిక్' (1976)లో అక్కాచెల్లెళ్ళుగానే నటించారు. 1996లో ఆ మార్గో కూడా అలాగే పోయింది. మా కుటుంబంలో ఇలా ఏడుగురు పోయారని మేరియల్ స్వయంగా చెప్పింది.

ఆవిడ కూడా నాలాగే, 'రేపు నా వంతా?' అని భయపడుతూ బతికింది. ఆ భయం మీదే 2013లో 'రన్నింగ్ ఫ్రమ్ క్రేజీ' అనే డాక్యుమెంటరీ వచ్చింది. మేరియల్ మాత్రం దాచుకోకుండా మాట్లాడుతూ, ఇతరులకి ధైర్యం చెబుతూ బతికే ఉంది. అంటే కొన్ని కుటుంబాల్లో ఈ బాధ ఎక్కువగా కనబడటం నిజం. అలాగని అందరినీ పట్టుకోకపోవడమూ నిజమే. మరి ఆ రక్తంలో ఉన్నదేమిటి?

ఒకే ఒక్క జన్యువు సూపర్ హిట్

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఒక స్క్రిప్టు ఉంటుంది. దాదాపు 300 కోట్ల అక్షరాల స్క్రిప్టు! సగం అమ్మ దగ్గర్నుంచి, సగం నాన్న దగ్గర్నుంచి వస్తుంది. ఏ ఇద్దరి స్క్రిప్టులు పక్కపక్కన పెట్టి చూసినా సుమారు వెయ్యి అక్షరాలకి ఒకటి తేడాగా ఉంటుంది. ఈ తేడాలనే జన్యు వైవిధ్యం అంటున్నారు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి కావడంలో వీటి చెయ్యి ఉంది. డిప్రెషన్‌లో కూడా ఉందా?

నేను చదివిన వార్త పుట్టింది న్యూజీలాండ్‌లోని డనీడిన్ అనే ఊళ్ళో. 1972 ఏప్రిల్ నుంచి 1973 మార్చి దాకా అక్కడ పుట్టిన పిల్లల్లో 1,037 మందిని తీసుకుని, మూడేళ్ళ వయసు నుంచి నేటిదాకా వాళ్ళ ఒంటి ఆరోగ్యం, మనసు ఆరోగ్యం పరీక్షిస్తూనే ఉన్నారు. మా చెల్లెలి ఈడువాళ్ళన్నమాట!

వాళ్ళకి 26 ఏళ్ళు వచ్చాక కాస్పి, మోఫిట్ అనే శాస్త్రజ్ఞులు, వాళ్ళ బృందం ఒక జన్యువుని పట్టుకున్నారు. మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం ఉంది. నాడీకణాలు దాని ద్వారా కబుర్లు పంపుకుంటాయి. పని అయ్యాక దాన్ని వెనక్కి లాక్కునే ప్రోటీన్ ఒకటుంది. ఆ ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువు దగ్గర కొందరికి పొట్టి రకం, కొందరికి పొడుగు రకం ఉంటుంది.

ఉద్యోగం పోవడం, అప్పులు, ప్రేమ విఫలం కావడం వంటి దెబ్బలు నాలుగూ అంతకన్నా ఎక్కువా తిన్నవాళ్ళని చూశారు. పొట్టి రకం ఒక్కటైనా ఉన్నవాళ్ళలో 33 శాతం మంది డిప్రెషన్‌లో పడ్డారు. రెండూ పొడుగు రకాలే ఉన్నవాళ్ళలో 17 శాతమే! 2003లో 'సైన్స్' పత్రికలో ఇది రాగానే ప్రపంచమంతా మోగిపోయింది. కథ ఎంత చక్కగా ఉందో చూడండి... ఒక జన్యువు, ఒక కష్టం, ఒక జబ్బు. దాని వెనకాల వందల కొద్దీ పరిశోధనలు బయల్దేరాయి. ఒక సినిమా హిట్టయితే అదే ఫార్ములాతో పది తీస్తారే, అలా!

హిట్టు ఎలా ఫట్టయింది?

2009లో కొందరు పరిశోధకులు అలాంటి 14 పరిశోధనల్ని కలిపి లెక్క వేశారు. మొత్తం 14,250 మంది. కష్టాలు పడ్డవాళ్ళకి డిప్రెషన్ వచ్చే అవకాశం ఎక్కువన్నది నిలబడింది. పొట్టి రకం, పొడుగు రకం తేడా మాత్రం నిలబడలేదు.

అసలు దెబ్బ 2019లో పడింది. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు, అప్పటిదాకా డిప్రెషన్ జన్యువులని పేరుపడ్డ 18 జన్యువుల్ని పరీక్షకి పెట్టారు. వెయ్యి మందిలో కాదు – ఒక లెక్కలో 62 వేల మంది అయితే, ఇంకో లెక్కలో 4 లక్షల 43 వేల మంది! తేలిందేమిటి? కళ్ళు మూసుకుని ఏ జన్యువు మీద వేలు పెట్టినా ఎంతో, ఆ పేరుమోసిన పద్దెనిమిదీ అంతే.

అదీ సంగతి! 2003లో నా గుండెల్లో ముల్లు గుచ్చిన ఆ జన్యువు పదహారేళ్ళ తర్వాత బోర్డు తిప్పేసింది. పరిశోధకులు మోసం చేశారని కాదు. చిన్న గుంపులో యాదృచ్ఛికంగా కనబడినది పెద్ద గుంపులో నిలబడలేదు, అంతే. మొదటి ఆట చప్పట్లు చూసి వంద రోజులాడుతుందని అనుకోకూడదని మనకి తెలియంది కాదు కదా!

అసలు తారాగణం

అయితే జన్యువులకి సంబంధమే లేదా? ఉంది. తెర మీద ఒక్క విలనూ లేడు, అంతే. ఉన్నదంతా జూనియర్ ఆర్టిస్టుల గుంపు.

ఈసారి శాస్త్రజ్ఞులు పద్ధతి మార్చారు. ఫలానా జన్యువేనని ముందుగా అనుకోకుండా, లక్షల మంది స్క్రిప్టుల్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా పోల్చి చూశారు. 2018లో డిప్రెషన్ ఉన్న 1,35,458 మందినీ, లేని 3,44,901 మందినీ పోలిస్తే స్క్రిప్టులో 44 చోట్ల తేడా దొరికింది. 2019లో ఇంకా ఎక్కువమందిని చూస్తే 102 తేడాలు. 2025 జనవరిలో 29 దేశాల నుంచి డిప్రెషన్ ఉన్న 6,88,808 మంది లెక్క తీస్తే, తేడాలు దాదాపు 700కి చేరాయి!

వీటిలో ఏ ఒక్కటి తీసుకున్నా దాని బలం అతి స్వల్పం. ఒక్కో జూనియర్ ఆర్టిస్టు ఒక్కో అడుగు తోస్తాడు. కొందరు అటు, కొందరు ఇటు. మీ దగ్గరా ఉంటారు, నా దగ్గరా ఉంటారు. 'చెడ్డ రక్తం', 'మంచి రక్తం' అని గీత గీయడానికి వీల్లేదు. అసలు ఒక్కటి కూడా లేని మనిషి ఈ భూమ్మీద ఉండడు.

ఇంకో మాట. ఈ తేడాలు చాలావరకు మెదడులోని నాడీకణాల్లో పనిచేసే జన్యువుల దగ్గరే కనబడ్డాయి. మా నాన్నని బద్ధకస్తుడన్న వాళ్ళందరికీ ఈ వాక్యం చదివి వినిపించాలని ఉంది.

రాముడూ భీముడూ

'రాముడు భీముడు' (1964) చూశారు కదా! ఎన్టీ రామారావుగారి ద్విపాత్రాభినయం. ఇద్దరూ కవలలే, ఒకటే పోలిక. బావ పెత్తనం కింద నలిగిన రాముడు పిరికివాడయ్యాడు. వేరేచోట పెరిగిన భీముడు మొండివాడయ్యాడు. అది సినిమా కథే. కాని శాస్త్రజ్ఞులు కూడా నిజం కవలల్ని ఇలాగే పోల్చి చూశారు. ఒకే పోలికతో పుట్టిన కవలల స్క్రిప్టు ఇంచుమించు ఒకటే. రక్తమే అంతా నిర్ణయిస్తే ఒకరికి డిప్రెషన్ వచ్చినప్పుడు రెండోవారికీ వచ్చి తీరాలి. అలా జరగడం లేదు. ఒకరు పడితే రెండోవారు నిలబడ్డ జంటలు ఎన్నో ఉన్నాయి.

ఇలాంటి కవలల లెక్కలన్నీ కలిపి 2000లో ఒక అంచనా వేశారు. మనుషుల్లో కొందరు డిప్రెషన్‌లో పడతారు, కొందరు పడరు. ఆ తేడాలో సుమారు 37 శాతం వంశపారంపర్యం ఖాతాలోకి వెళుతుంది. మిగతాది బతుకులో ఎదురయ్యే వాటిది. చిన్నప్పటి దెబ్బలు, చావులు, ఒంటరితనం, జబ్బులు, అప్పులు... (నా జబ్బులో 37 శాతం మా నాన్నది అని మాత్రం అర్థం చేసుకోకండి. అది జనం మొత్తం మీద లెక్క. ఒక్క మనిషిని ముక్కలు చేసి వాటాలు పంచే లెక్క కాదు.)

తల్లికో తండ్రికో తోబుట్టువుకో డిప్రెషన్ ఉంటే మనకి వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే రెండు మూడు రెట్లు ఉంటుంది. దాన్ని నేను దాచను. కాని అవకాశం వేరు, తీర్పు వేరు. నాకు వచ్చింది. మా చెల్లెలికి రాలేదు. ఇద్దరం ఒక తండ్రి బిడ్డలమే!

మరి ఆ ఉమ్మి పరీక్ష?

మేనకోడలికి డబ్బు దండగ అని చెప్పాను. దొరికిన తేడాలన్నీ కూడి ఒక మార్కు ఇవ్వొచ్చు. 2025 పరిశోధనలో అలాంటి మార్కు ఐరోపా మూలాలున్నవాళ్ళలో కూడా, డిప్రెషన్ ఉన్నవారికీ లేనివారికీ మధ్య తేడాని మహా అయితే ఆరు శాతం లోపే వివరించగలిగింది. దాన్ని పట్టుకుని ఫలానా పిల్లకి వస్తుందని జోస్యం చెప్పడం, పోస్టర్ చూసి కలెక్షన్లు చెప్పడం లాంటిదే.

పైగా ఇంతవరకు చదివిన స్క్రిప్టుల్లో ఎక్కువ భాగం ఐరోపా జాతులవే. 2015లో చైనాలో 5,303 మంది స్త్రీలని పరిశీలిస్తే రెండు కొత్త చోట్లు దొరికాయి. ఐరోపా లెక్కల్లో అవి తేలలేదు. ఒక జాతి మీద కట్టిన లెక్క ఇంకో జాతికి సరిగ్గా అతకదు. మన దేశంవాళ్ళ స్క్రిప్టులు ఇంకా ఎన్నో చదవాల్సి ఉంది. అంతవరకు మన ఇంటి చరిత్ర ఆ గొట్టం కంటే ఎక్కువే చెబుతుంది – దాచకుండా చెప్పుకుంటే!

ఏ ఇంట్లో లేదు?

డనీడిన్ పిల్లల్ని మరిచిపోలేదు కదూ? వాళ్ళని 45 ఏళ్ళ దాకా చూసిన లెక్కలు 2020లో వచ్చాయి. ఏదో ఒక దశలో ఏదో ఒక మానసిక రుగ్మతకి గురైనవాళ్ళు ఎంతమందో తెలుసా? 86 శాతం! కొందరికి కొన్నాళ్ళు, కొందరికి చాలాకాలం. ఆ జన్యువు కథ పోయింది గాని ఈ కథ మిగిలింది.

మన దేశంలో 2015-16లో బెంగుళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో సర్వే చేశారు. పెద్దవాళ్ళలో ఇరవై మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ చూసినవాళ్ళే. అంటే బాల్కనీలో ఒక వరుసకి ఒకరన్నమాట! 2015లో దీపికా పదుకొనే తనకి డిప్రెషన్ వచ్చిందని టీవీలో బాహాటంగా చెప్పింది. అంత పెద్ద తార చెప్పగలిగింది. 1993లో మా ఇంటికి కబురు పంపినవాళ్ళ ఇంట్లో మాత్రం ఎవరూ లేరంటారా? ఉండే ఉంటారు. చెప్పుకుని ఉండరు.

మీరు పడుచువాళ్ళు. మీకొక్కటే చెబుతాను. రెండు వారాలకి మించి దిగులు పోకపోయినా, ఇష్టమైన వాటి మీద – అంటే సినిమా మీద కూడా! – ఆసక్తి చచ్చిపోయినా, దానికి తోడు నిద్ర, ఆకలి చెడినా, నేను పనికిరానివాణ్ణి అనిపించినా, చావు ఆలోచనలు వచ్చినా ఆలస్యం చేయకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మాటలతో చేసే చికిత్స ఉంది, మందులున్నాయి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్ వాళ్ళు పగలైనా రాత్రయినా, తెలుగులోనే మాట్లాడతారు. పైసా ఖర్చు లేదు. ఇంట్లో ఎవరికైనా ఇది వచ్చి ఉంటే, ఆ సంగతి తెలిసి ఉండటమే మీకు రక్షణ. మా నాన్నకి పేరు తెలియక పదిహేనేళ్ళు పోయాయి. నాకు నాన్న సంగతి తెలుసు గనక రెండు నెలల్లో డాక్టరు దగ్గర కూర్చున్నాను.

ఇవన్నీ మా మేనకోడలికి చెప్పాను. అంతా విని, "అయితే వాళ్ళకి చెబుతాను మావయ్యా" అంది. మా చెల్లెలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే ఫోన్ చేసి, "అది చెప్పడం ఎందుకు, నేనే చెబుతాను" అంది. అబ్బాయి తల్లితో మొత్తం చెప్పింది – నాన్న సంగతి, నా సంగతి, 1993 సంగతి. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, "ఆలోచించి కబురు చేస్తాం వదినా" అందట.

ఈ వ్యాసం ఇచ్చేనాటికి ఇంకా కబురు రాలేదు. వస్తుందో రాదో నాకు తెలియదు.

నిన్న రాత్రి మేనకోడలు ఫోన్ చేసింది. నేను భయపడుతూ ఎత్తాను.

"మావయ్యా! ఆ కొత్త పిక్చర్ చూశావా?" అంది.